ఏనుగుతో ఎల్లప్ప

తొంభై ఎనిమిదిలో గుడుపల్లె ఎల్లప్ప రాగిచేనును ఏనుగు తొక్కేసింది. నష్టపరిహారం కావాలంటే చేలో ఏనుగూ రైతూ కలిసి ఉన్న ఫోటో తెమ్మన్నారట ఫారెస్టు ఆఫీసులో. అతను కుప్పంలోని నా స్టూడియోకి వచ్చాడు. అప్పటిదాకా నేను తీసినవి పెళ్లి ఫోటోలే.

ఆ రాత్రే కెమెరా పట్టుకుని అతని వెంట గుడుపల్లె వెళ్లాను. తెల్లవారగానే ఏనుగు మళ్లీ చేలోకి దిగింది. స్టూడియోలో అందరికీ చేసినట్టే ఎల్లప్పకు నా కోటు తొడిగి, మొహానికి పౌడరు అద్ది గట్టు మీద నిలబెట్టాను.

"ఇంగ నాలుగడుగులు వెనక్కి పో ఎల్లప్పా. ఏనుగు సిన్నగా పడతాండాది."

"వెనకాల ఉండేది అదే కదప్పా," అంటూనే పోయాడు.

ఏనుగు తలెత్తి మా వైపు చూసింది. అలవాటు కొద్దీ నా నోట్లోంచి వచ్చేసింది. "గడ్డం పైకెత్తు. నవ్వు."

ఎల్లప్ప నవ్వాడు. నేను బటన్ నొక్కాను. ఆ తర్వాత ఇద్దరం ఊళ్లోకొచ్చే దాకా ఆగలేదు.

అంత మంచి ఫోటో నేను మళ్లీ తీయలేదు. చేనూ, ఏనుగూ, ఎల్లప్ప పళ్లూ అన్నీ స్పష్టంగా పడ్డాయి.

ఆఫీసులో గుమాస్తా దాన్ని చాలాసేపు చూశాడు.

"శానా బాగుండాదప్పా. ఎన్నేండ్లుగా సాకుతాండావు దీన్ని?"