ఒక్క పూట మానినా

“ఇన్నేళ్ళలో ఆ అమ్మాయికి ఆయాసం రాలేదా? కళ్ళు తిరగలేదా?” గుండె డాక్టరు అడిగాడు.

“ఒక్కసారి కూడా చెప్పలేదండీ,” అన్నాడు కోచ్.

“నేనడిగినా ఏమీ లేదనే చెప్పింది. దాచి ఉంటుంది,” అన్నాడు డాక్టరు.

గుండె కండరం మందమెక్కే జబ్బట. అందులోనూ చాలా అరుదైన రకం. సెలక్షన్ ముందు పరుగువాళ్ళందరూ ఎవరికి వారు ఆస్పత్రికి వెళ్ళి చేయించుకునే పరీక్షలో ఏదో తేడా కనిపిస్తే, ఈయన ఆ కాగితాలూ ఫిల్ములూ ముందేసుకుని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని మరీ పట్టుకున్నాడు.

“పరుగు మాట మర్చిపోండి. గబగబా మెట్లెక్కినా ప్రమాదమే. వెంటనే తీసుకురండి.”

గ్రౌండుకి వెళ్ళే దారంతా కోచ్‌కి ఒళ్ళు మండిపోతూనే ఉంది. ఎనిమిదేళ్ళు! సొంత కూతురి పుట్టినరోజులు ఎగ్గొట్టి దీన్ని పోటీలకి తిప్పాడు. నమ్మించి గొంతు కోసింది.

ఆ కోపంలో డాక్టరు మాట కూడా మర్చిపోయి, పై అంతస్తులోని తన గదికి రమ్మని కబురు పెట్టాడు. ఆమె రెండేసి మెట్లు దాటుకుంటూ వచ్చింది. కిటికీలోంచి చూస్తే, వెంట వచ్చిన అక్క కింద మెట్టు మీదే చతికిలబడి ఉంది.

అక్క ఏడాదే పెద్ద. ఇద్దరివీ ఒకే అచ్చులో పోసిన మొహాలు. పరుగే తేడా. ఒకప్పుడు అక్కకీ నేర్పబోయాడు. రెండో రౌండుకే కూలబడి, గుండె దడ అనీ, ఊపిరాడట్లేదనీ రోజుకో వంక చెప్పేది. ‘సాకులమ్మ’ అని పేరు పెట్టి అందరి ముందూ ఇంటికి పంపేశాడు. గ్రౌండంతా పడీ పడీ నవ్వింది.

సాకులమ్మే నయం, అనిపించింది ఇప్పుడు. కనీసం ఉన్నది మొహం మీద చెప్పి పోయింది.

రిపోర్టు బల్ల మీద విసిరాడు. “చదువు.”

ఆమె చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

“ఇదిగో హాజరు పుస్తకం. ఈ నెలలో ఒక్క పూట మానలేదు నువ్వు. గుండెలో ఇంత పెట్టుకుని రోజూ పరిగెత్తావా? గ్రౌండులో నువ్వు పడిపోతే నేనేమైపోవాలే?” అతను పుస్తకం బల్లకేసి కొట్టాడు. “నన్నెంత పిచ్చివాణ్ణి చేశావు!”

“సార్...”

“మాట్లాడకు. సెలక్షన్ లిస్టులోంచి నీ పేరు కొట్టేస్తున్నాను.”

ఏడుస్తుందనుకున్నాడు. కాళ్ళ మీద పడుతుందనుకున్నాడు. ఆమె అవేమీ చెయ్యలేదు. కిటికీ దగ్గరికి పరిగెత్తి, “అక్కా, పైకి రావద్దు! అక్కడే ఉండు, నేనే వస్తున్నా!” అని అరిచింది.

“అక్క సంగతి తర్వాత. ముందు నాకు జవాబు చెప్పు.”

ఆమె వెనక్కి తిరిగింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“సెలక్షన్ నెలలో ఒక్క పూట మానినా నా మొహం చూడొద్దన్నారు కదా సార్, అందుకే ఆ పొద్దున నేనిక్కడ పరిగెడుతూ, ఆ పరీక్షకి నా పేరు చెప్పమని అక్కని పంపాను.”