తీపి అంటిన వేలు

ఆ రాత్రి ఎమర్జెన్సీలో, స్పృహ లేని పెద్దాయనకి షుగర్ నాలుగొందలని మీటర్ చూపించింది. ఇన్సులిన్ ఇవ్వబోయిన నర్సు ఆగింది. ఆ అంకెకీ, ఆయన ఒంటి మీది చల్లటి చెమటకీ పొంతన లేదు; అలాంటి చెమట షుగర్ పడిపోతే పడుతుంది. పట్టుకుంటే వేలు జిగటగా ఉంది.

“ఏమైనా తినిపించారా అమ్మా?”

“స్పృహే లేదు కదా తల్లీ, ఎలా తినిపిస్తాను?” అంది ఆయన భార్య.

నర్సు వేలు కడిగి, తుడిచి, మళ్లీ గుచ్చింది. ముప్పై ఎనిమిది. ఇందాకటి అంకె వేలికి అంటిన తీపిదన్నమాట. ఇన్సులిన్ ఇచ్చుంటే ప్రాణం పోయేదే. వెంటనే గ్లూకోజ్ ఎక్కించింది.

పావుగంటకి చూడబోతే, కడిగిన వేలు మళ్లీ జిగటగా ఉంది.

“మా చిన్నది బతికున్నప్పుడు చాక్లెట్ చేత్తోనే నాన్న వేలు పట్టుకుని పడుకునేది,” అంది భార్య నెమ్మదిగా. “విడిపిస్తే, విడిపించినవాళ్ల వేలు పట్టుకునేది.”

నర్సు గ్లవ్ విప్పింది. లోపల ఆమె చూపుడువేలు జిగటగా ఉంది.