అన్నం ముందటి ప్రార్థన

ఐదేళ్లకు దుబాయి నుంచి వచ్చిన జోయల్, పదకొండేళ్ల బిడ్డ ఏంజెల్ కంచంలోని చేపముక్కలోంచి ముళ్లు ఏరుతున్నాడు.

"నాకొస్తది బాపు," అంది ఏంజెల్.

"రానీ. ఇన్నేండ్లు ఏరలే గద. జర ఏరనియ్యి."

పొద్దున జడ వేస్తానన్నప్పుడు కూడా ఆ పిల్ల అదే మాట అంది.

ఏంజెల్ చేతులు జోడించి కళ్లు మూసుకుంది. "ప్రభువా, ఈ అన్నం కోసం స్తోత్రం. దుబాయిల ఉన్న మా బాపును కాపాడు. జల్ది ఇంటికి తోలు. ఆమెన్."

జోయల్ చెయ్యి ఆగిపోయింది. "నీ పక్కకే ఉన్న గద బిడ్డా. ఇగ మల్ల పోను. గా మాట తీసెయ్యి."

ఏంజెల్ కంచం తన వైపు జరుపుకుంది.

"పోయినసారి నువ్వు గట్లనే అంటే తీసేసిన బాపు. తెల్లారి లేసి చూస్తే నువ్వు లేవు."