జామ హల్వా డబ్బా

"ఇది బేస్ గిటారా, దోమా?" అంది యరేలి, పసుపు పెడల్ మీంచి కాలు తీసేస్తూ.

విన్నవాళ్ళందరూ నవ్వారు. అందరూ గౌరవంగా 'డాన్ కూకో' అని పిలిచే ముసలాయన ఒక్కడే నవ్వలేదు. మెక్సికో నగరంలో వస్తువుకి వస్తువు మార్చుకునే చోపో సంతలో అతని బల్ల దగ్గర ప్రతి శనివారం ఇదే తంతు. మోతని గరుకుగా మార్చే ఈ చవక డిస్టార్షన్ పెడల్స్ అన్నీ మామూలు గిటార్ కోసం చేసినవి. బేస్‌కి తగిలిస్తే గరగర వస్తుంది గానీ, ప్రాణంలాంటి ఆ లావుపాటి మోత కాస్తా మాయమైపోతుంది.

"తొందరపడకు తల్లీ, ఇంకోటి చూద్దాం."

"తొందరపడకుండా ఎలా? నాలుగింటికి సంత చివర స్టేజీ మీద మా బ్యాండు వాయించాలి. ఇవాళ నా బేస్ గర్జించకపోతే వచ్చే వారం నుంచి నా బదులు తన తమ్ముడొస్తాడని మా పాటగాడు ఉరియెల్ తెగేసి చెప్పాడు. ఆ బ్యాండు పెట్టిందే నేను, డాన్ కూకో! నన్నే సాగనంపుతాడట!"

డాన్ కూకో ఆకుపచ్చ పెడల్ తగిలించాడు. అదీ అంతే. యరేలికి ఒళ్ళు మండింది. బల్ల పక్కనున్న పాత ఆంప్లిఫయర్ వాల్యూమ్ చివరిదాకా తిప్పేసి, లావు తీగని బలంగా లాగి వదిలింది. ఆంప్‌లోంచి ఫట్‌మని చప్పుడొచ్చింది.

"మెల్లిగా! దానికీ నా వయసే," అన్నాడు డాన్ కూకో. తర్వాత కాసేపు తటపటాయించి, బల్ల కిందనుంచి ఒక రేకు డబ్బా తీశాడు. ఒకప్పుడు జామ హల్వా ఉన్న డబ్బా. పైన ఒక బొత్తాం, ఒక మీట, ఎర్ర రంగుతో 'కూకో' అని పేరు.

"అయ్యో, మళ్ళీ తీశాడే!" అంది పక్క బల్ల మీద టీషర్టులు పెట్టుకున్న దోన్యా లూచా. "అమ్మాయ్, అది ఆయన సొంతంగా చేసింది. పద్నాలుగు నెలలుగా మారకానికి పెడుతున్నాడు, దానికి బదులు జత మేజోళ్ళు కూడా ఎవరూ ఇవ్వలేదు. అందులో హల్వా ఉన్నప్పుడే నయం."

"నీ నోరు కాసేపు మూసుకో, లూచా."

యరేలి ఆ డబ్బా తగిలించుకుని, కాలితో నొక్కి, తీగ మీటింది.

డేరా గుడ్డ వణికింది. లూచా టీషర్టులు ఊగాయి. దారిన పోయేవాళ్ళు ఆగిపోయారు. చిరచిరలాడే గరుకు మోత, అడుగున మాత్రం ఒక్క చుక్క తగ్గని బేస్.

"ఇదే!" అని అరిచింది యరేలి. "నాకు కావలసింది ఇదే, డాన్ కూకో!"

మారకానికి తెచ్చిన రెండు పాత రికార్డులూ బల్ల మీద పెట్టింది. అతను ఒకటే తీసుకున్నాడు. "ఒకటి చాల్లే తల్లీ. వెళ్ళు, వాళ్ళ చెవులు బద్దలు కొట్టు."

ఆమె పరుగెత్తిన తర్వాత కూడా డాన్ కూకో నిలబడే ఉన్నాడు. కూర్చుంటే ఆ సంతోషం ఎక్కడ తగ్గిపోతుందోనని భయం. "విన్నావా లూచా? హల్వా అట, హల్వా!"

అరగంట తర్వాత జులపాల మనిషి ఒకడు గిటార్ ఒకటి మారకానికి అడిగాడు. పెడల్ ఏదీ లేకుండా నేరుగా ఆంప్‌కి తగిలించి మీటాడు.

అదే గరుకు మోత. డేరా మళ్ళీ వణికింది.

"పెద్దాయనా, మీ ఆంప్ పోయినట్టుంది," అన్నాడతను.

డాన్ కూకో వంగి ఆంప్ ముందు గుడ్డ తప్పించాడు. స్పీకర్ లోపలి నల్ల కాగితం ఈ చివరనుంచి ఆ చివరకి చిరిగి ఉంది. ఇందాకటి ఫట్ చప్పుడు గుర్తొచ్చింది. అంటే గర్జించింది తన డబ్బా కాదు, చిరిగిన ఈ స్పీకరు. ఆ ముసలాడి ముఖం చూడలేక లూచా తల తిప్పుకుంది.

"పోనీలే," అంది మెల్లిగా. "మారకం అయ్యాక వెనక్కి లేదు. ఇక్కడి పద్ధతే అది."

"ఆ పిల్ల నా పేరు నమ్ముకుని స్టేజీ ఎక్కుతుందే!"

నాలుగు కావడానికి పది నిమిషాలున్నాయి. ఆంప్‌ని రెండు చక్రాల బండి మీద పెట్టుకుని, "తప్పుకోండి, తప్పుకోండి!" అంటూ జనంలోంచి తోసుకుపోయాడు.

స్టేజీ మీద యరేలి, ఎంత నొక్కినా గర్జించని డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రబడ్డాయి. పక్కన ఉరియెల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని తమ్ముడు అప్పుడే బేస్ శ్రుతి చేసుకుంటున్నాడు.

"తప్పు నాది తల్లీ," అన్నాడు డాన్ కూకో రొప్పుతూ. "ఇవి రెండూ జంట. ఈ ఆంప్ లేకపోతే నా డబ్బా పలకదు. నీకు చెప్పడం మరిచిపోయాను, ముసలి బుర్ర!"

యరేలి వంగి ఆంప్ ముందు గుడ్డ కొద్దిగా ఎత్తి చూసింది. తర్వాత అతని ముఖంలోకి చూసింది.

"జంటా? అదీ సంగతి!" అంది. ఆంప్‌ని తన వైపుకి లాక్కుంది.

డాన్ కూకో కిందికి దిగి, జనం వెనకకి పోయి నిలబడ్డాడు. మొదటి పాటకే నేల అదిరింది. ఉరియెల్ పాడుతూనే వెనక్కి తిరిగి చూసి, తమ్ముడికి చేత్తో సైగ చేశాడు, కిందికి దిగిపొమ్మని.

బల్ల వదిలేసి వచ్చిన లూచా అతని భుజం తట్టింది. "జనం చూడు కూకో, నీ పేరే అరుస్తున్నారు!"

"ఊరుకో," అన్నాడు సిగ్గుతో. "నా పేరు వాళ్ళకెలా తెలుస్తుంది?"

అయినా చెవిన పడుతూనే ఉంది. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చి చూశాడు. యరేలి కాళ్ళ దగ్గర ఏ పెడలూ లేదు. బేస్ వైరు నేరుగా ఆంప్‌లోకే వెళ్ళింది. ఆ ఆంప్ నెత్తిన, ఎర్ర అక్షరాలు జనంవైపు తిప్పి నిలబెట్టి ఉంది జామ హల్వా డబ్బా.