పళ్లు కనిపించే ఫోటో

"నువ్వక్కడ సంతోషంగా లేవు. ఉద్యోగం మానేసి వచ్చెయ్!" ఫోన్‌లో అమ్మ తేల్చేసింది.

"రోజూ ఫోటోలు పంపుతున్నాగా అమ్మా?"

"అన్నింట్లో ఒకటే మూతి. పళ్లు కనిపించే ఫోటో ఒక్కటి పంపు, ఇంక ఆ మాటెత్తితే ఒట్టు."

కూతురి గుండెల్లో రాయి పడింది. ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం. గదిలో విప్పని పార్సిళ్లే తప్ప పలకరించే మనిషి లేడన్నది మాత్రం నిజమే.

పోయిన నెలే మంచి కెమెరా ఉన్న ఫోన్ కొంది. అందులో తొమ్మిది వందల సెల్ఫీలు. తొమ్మిది వందల్లోనూ అదే వంచిన మెడ, అవే బిగించిన పెదవులు. ఆ ఫోన్ అమ్మిన కంపెనీవాళ్లు నవ్వుకుని ఉంటారు గానీ, ఆమె నవ్వింది లేదు.

ఆదివారం పొద్దున్నే కొత్త డ్రెస్ వేసుకుని పార్కుకు వెళ్లింది. బెంచీ మీద టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒక్కడే ఉన్నాడు.

"అంకుల్, ఒక ఫోటో తీస్తారా?"

ఆయన హుషారుగా లేచాడు.

"భుజాలు సమంగా పెట్టమ్మా. చెవులు కనపడాలి."

"చెవులెందుకంకుల్?"

"అలవాటు పోదుగా! సరే, చంకలో ఆ ప్రైస్ ట్యాగ్ వేలాడుతోందేం? ఫోటో దిగి, డ్రెస్ వాపసిచ్చేద్దామనా?"

ఆమె నాలుక కరుచుకుంది.

"దొంగ దొరికింది!" అన్నాడాయన చప్పట్లు కొట్టబోయి, ఫోన్ జారవిడవబోయి, పట్టుకుని.

ఆమె పగలబడి నవ్వింది. ఆయన టక్కున బటన్ నొక్కేశాడు.

తీరా చూస్తే జుట్టు చెదిరింది, ట్యాగ్ ఊగుతోంది, నోట్లో ముప్పై రెండూ బయటపడ్డాయి.

"ఛ, పాడైపోయింది!" అని ఫోన్ లాక్కుని వెళ్లిపోయింది. థాంక్స్ కూడా చెప్పలేదు.

సాయంత్రం దాకా తనే ఎన్ని తీసుకున్నా పెదవి విడలేదు. చేసేది లేక ఆ ఫోటోనే పంపింది.

నిమిషంలో అమ్మ ఫోన్.

"ఇదీ నా పిల్లంటే! హాయిగా అక్కడే ఉండవే. ఆ ఫోటో తీసినవాళ్లెవరోగానీ, నా దండాలు చెప్పు!"

ఆనందం పట్టలేక ఆమె మంచం మీద గంతులేసింది.

మరుసటి ఆదివారం పరుగున పార్కుకు వెళ్లింది. బెంచీ ఖాళీ. టోపీ పెద్దాయన ఏడని అక్కడి తోటమాలిని అడిగింది.

"ఆయనా? నిన్ననే కూతురి దగ్గరికి వెళ్లిపోయాడమ్మా. ఇంక ఈ ఊరు రాడు," అన్నాడు తోటమాలి.

ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఎవరినైనా ఇట్టే నవ్వించి ఫోటో తీసేస్తాడు! ఏ స్టూడియో ఆయనది?" అంది.

"స్టూడియోనా? ముప్పై నాలుగేళ్లు పాస్‌పోర్టు ఆఫీసులో ఫోటోలు తీశాడమ్మా... వచ్చినవాళ్లందరికీ 'నవ్వకండి' అని చెప్పడమే ఆయన ఉద్యోగం!"