పదిన్నరకు వైవా

అశోక్‌నగర్‌లో గది కోసం వచ్చినవాళ్లను ఇంటి ఓనర్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే. గ్రూప్ వన్నా, టూనా?

బుల్లెమ్మగారు నర్మదనూ అదే అడిగింది. గది తలుపు తీయకముందే అడిగింది.

"రెండూ గాదమ్మా. నారాయణగూడల పిల్లలు లేనోళ్లకు వైద్యం చేసే దవాఖాన ఉంది కదా, ఆడ ల్యాబుల పని చేస్త. వచ్చే నెల ఆన్‌లైన్ల ఎమ్మెస్సీ వైవా ఒకటి ఉంది. గదే జర పరేషాన్" అంది నర్మద.

ఏదో ఒక పరీక్ష ఉందన్నమాట. బుల్లెమ్మగారు తృప్తిగా తాళంచెవి చేతిలో పెట్టింది.

పరీక్షల బెంగ లేని మనిషికి గది ఇవ్వడం ఆవిడకు చేతకాదు. ఆ మేడమీద చదివి వెళ్లినవాళ్లలో ఒకడు తాసీల్దారయ్యాడు. ఒకమ్మాయి సబ్ రిజిస్ట్రారయింది. అదంతా తన చేతి పెరుగూ పంచదారా చలవేనని ఆవిడ గట్టి నమ్మకం. కాదనే ధైర్యం చిక్కడపల్లి దాకా ఎవరికీ లేదు.

ఆ రోజు రానే వచ్చింది. పదిన్నరకు వైవా.

తెల్లవారినప్పటి నుంచీ నర్మద గదిలో అటూ ఇటూ తిరుగుతోంది. పనంటే ఆమెకు భయం లేదు. మైక్రోస్కోపు కింద సన్నటి గాజు గొట్టంతో అండాన్ని కదపమంటే చెయ్యి ఇసుమంత కూడా వణకదు. నోరు విప్పమంటేనే ప్రాణం మీదికొస్తుంది. ల్యాబులో అందరికీ మాస్కులు, మాటలు తక్కువ. అలా ఏళ్లు గడిచేసరికి కొత్తవాళ్లను చూస్తే నాలుక మడతపడుతోంది. అందులోనూ పెద్ద డాక్టర్లయితే చెప్పక్కర్లేదు.

పైగా కోర్సు నడిపే హారతి మేడమ్ నిన్న ఫోన్ చేసి ఉన్నమాట చెప్పేసింది. "రికార్డింగ్ మేమంతా కూర్చుని చూస్తాం నర్మదా. బాగా జరిగితే ఇక నువ్వు మాతోనే. తడబడ్డావంటే మాత్రం ఇంకోసారి అవకాశం ఇప్పించడం నా చేతుల్లో ఉండదు."

పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి వచ్చిన ఈదయ్య కూతురు ఇంతదాకా వచ్చింది. ఇప్పుడు నోరు పెగలక బోర్లా పడితే నాన్నకు ఏం మొహం చూపిస్తుంది?

ఇటు బుల్లెమ్మగారు పొద్దున్నే రంగంలోకి దిగింది. చిక్కడపల్లి వెంకన్న గుడిలో అర్చన చేయించింది. ఎదురు మేడమీద కోచింగ్ సెంటర్ వాళ్ల మైకు ఆపించింది. పక్కింటి వంటింట్లోకి వెళ్లి, మధ్యాహ్నం దాకా కుక్కర్ కూత వినపడకూడదని హెచ్చరించి వచ్చింది. ఆ తర్వాత కుంకుమ, మూరెడు మల్లెలు, అగరొత్తుల కట్ట పట్టుకుని మేడెక్కింది.

అగరొత్తి వెలిగించిందో లేదో, నర్మద గబుక్కున ఆర్పేసింది.

"వాసనలు వద్దమ్మా. పూలు గూడ వద్దు. సెంటు, పౌడరు ఏదీ పనికిరాదు. అండాలకు మంచిది గాదు."

"కంప్యూటర్లో అండాలెక్కడివే?"

నర్మద ఆలోచనలో పడింది. నిజమే. అయినా ల్యాబు అలవాటు అంత తొందరగా వదలదు. మల్లెలు చివరికి బుల్లెమ్మగారి కొప్పులోకే వెళ్లాయి.

"సరే, ఒకసారి నాకు అప్పజెప్పు. నేనడుగుతాను, నువ్వు చెబుదువుగాని."

"వద్దమ్మా, నేనే అడుగుత. మీరు ఏదో ఒకటి చెప్పుండ్రి. నాకు నోరు తిరిగితే చాలు."

ఈ కాలం చదువులు ఇలాగే ఉంటాయి కాబోలనుకుని బుల్లెమ్మగారు కొంగు సర్దుకుని ఎదురుగా కూర్చుంది.

నర్మద గొంతు సవరించుకుంది. "అండాలు... ఏండ్ల తరబడి... చెడిపోకుండ ఎట్ల దాస్తరు?"

"ఫ్రిజ్‌లో. తలుపు దగ్గర మాత్రం కాదు, లోపలి అరలో. తలుపు తీసి వేసినప్పుడల్లా అదిరి పగులుతాయి."

నర్మద పకపకా నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. "సల్లగ ఉండాలన్నరు కదా, సగం దగ్గరికొచ్చిండ్రు. కంగారు పడకుండ నిదానంగ ఆలోచించుండ్రి" అంది. ఈసారి నాలుక ఎక్కడా తడబడలేదు.

"ఇంకేం, గట్టెక్కినట్టే" అని బుల్లెమ్మగారు పెరుగు గిన్నె అందుకుంది.

"అది గాదమ్మా, అసలు సంగతేందంటే" అని నర్మద ఏదో చెప్పబోయింది. నోట్లో చెంచాడు పెరుగు పడింది. బుల్లెమ్మగారు తలుపు దగ్గరగా వేసి, పాత పేపర్లవాడెవడూ వీధిలో అరవకుండా మెట్లమీద కాపలా కూర్చుంది.

ల్యాప్‌టాప్ తెర వెలిగింది. ఒక మూలన చిన్న గడిలో హారతి మేడమ్ చూస్తోంది. మధ్యలో నెరిసిన మీసాలతో నిండైన మనిషి. కింద డాక్టర్ వీరరాఘవరావు అని పేరు. వెనక గోడ నిండా పట్టాలు, సన్మానపత్రాలు. అంబర్‌పేటలో సగం మంది పిల్లలు ఆయన చేతిమీదే పుట్టారని చెప్పుకుంటారు.

నర్మద కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆమెనే తేరిపార చూస్తున్నాడు. ఆ చూపుకి ల్యాబులో నేర్చిందంతా ఆవిరైపోయేలా ఉంది. కానీ రికార్డింగ్ నడుస్తోంది. ఎంతసేపని ఇలా కూర్చుంటుంది?

చేతులు జోడించి, నర్మద ఒక్క ఊపిరిలో అనేసింది. "నమస్తే సార్, నా పేరు నర్మద. మొదలుపెడదామా?"

ఆయన దిగ్గున కుర్చీలోంచి లేచి నిలబడి, "చిత్తం మేడమ్, ఈ వయసులో మళ్లీ చదువు మొదలుపెట్టినవాణ్ని, మొదటి ప్రశ్న కాస్త తేలికైనది అడగండి" అన్నాడు.