పేరు చెప్పని స్టైపెండు

డబ్బు ఇచ్చినవారి పేరు మాత్రం అడగవద్దన్నారు. గీతాంజలికి అక్కడే అనుమానం మొదలైంది.

అది 1997. ఆమె కార్మికుల ఆరోగ్యం మీద ఎమ్మెస్సీ చదువుతోంది. స్టైపెండు కోసం తొమ్మిది చోట్లకు దరఖాస్తులు పంపింది. ప్రభుత్వ ఫెలోషిప్పు డాక్టరు పట్టా ఉన్నవాళ్ళకేనట. ఒక పరిశ్రమల సంఘం ఇస్తానంది కానీ, రాసిందంతా ముందు తమకు చూపాలంది. బళేపేటలో గాజులమ్మే తండ్రి, ఇంకొక్క టర్ము ఫీజు కన్నా ఎక్కువ కట్టలేనన్నాడు.

చదువు ఆపేద్దామనుకుంటుండగా కాలేజీకి ఈ డబ్బు వచ్చింది. రెండేళ్ళ ఫీజు, నెలనెలా స్టైపెండు. ఒకటే షరతు. మాగడి రోడ్డులోని ఒక నూలు మిల్లులో, దూది దువ్వే షెడ్డులోనే ఆమె పరిశీలన చేయాలి.

ఆ మిల్లే ఎందుకు?

మేనేజరు పాపయ్య అడిగిన వెంటనే అనుమతి ఇచ్చేశాడు.

"చూసుకోమ్మా, ఎన్ని దినాలైనా చూసుకో. నువ్వు రాసే పుస్తకం ఎవురు చదవతారు? మీ అయ్యవారు చదివితే అదే గొప్ప," అని నవ్వాడు.

అంత సులువుగా ఒప్పుకోవడం కూడా ఆమెకు నచ్చలేదు.

షెడ్డులో ధూళికి అందరి కనుబొమలూ తెల్లగా ఉండేవి. ఒక్కొక్కరి చేత గొట్టంలోకి ఊదించి, ఊపిరి కొలిచి రాసుకునేది. ఆదివారం సెలవు తర్వాత, సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగుసుకుపోతుందని నలభై ముగ్గురు చెప్పారు.

ఆమె ఎటు వెళితే అటు, షెడ్డు ఊడ్చే హనుమక్క చీపురుతో వచ్చేది.

"ఏం రాసినావు పాపా? చదువు, విందాం."

గీతాంజలి నోటుపుస్తకం మూసేది.

"దగ్గేటోళ్ళ పేర్లన్నీ రాసినావా? ఒక్కటీ ఇడిసిపెట్టొద్దు."

"పేర్లు నీకెందుకు హనుమక్కా? మేనేజరుకు చేరవేయడానికా?"

"ఆయప్పకా!" హనుమక్క పక్కకు తిరిగి వక్క ఉమ్మింది. "చెవులు రెండూ ఉండాయి. ఇనే పనే ల్యాదు."

ఆ మాటతో గీతాంజలి అనుమానం తీరలేదు. ఆ రోజు నుంచి ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది.

"ఇట్ల రాస్తే నాకెట్ల తెలిసేది?" అని హనుమక్క రెండు రోజులు ముఖం ముడుచుకుంది. తిరగడం మాత్రం మానలేదు.

మూడో నెల స్టైపెండు ఆలస్యమైంది. కాలేజీ ఆఫీసులో గుమాస్తా రాఘవేంద్ర రిజిస్టరు తెరిచాడు. బల్లకు ఇవతల నిలబడి గీతాంజలి తన స్టైపెండు పద్దును తలకిందులుగా చదివింది. చెక్కు నంబరు. పక్కనే మిల్లు పేరు.

"ఇది మిల్లు చెక్కా సార్?"

"చెక్కు మీద అచ్చయిన పేరు వాళ్ళదే. అంతకు మించి నన్నడగొద్దమ్మా. ప్రిన్సిపాల్ గారి ఆర్డరు."

మిల్లు డబ్బుతో చదివి మిల్లు ధూళి గురించి ఏం రాసినా, ఎవరు నమ్ముతారు? ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

మర్నాడు నేరుగా పాపయ్య గదికి వెళ్ళి, చెక్కు నంబరు రాసిన చీటీ బల్ల మీద పెట్టింది.

"మీ డబ్బు నాకొద్దు సార్. చదువు మానేస్తాను. ఆ నలభై ముగ్గురిలో ఒక్కరిని కూడా తగ్గించి రాయను."

"నీకు మేమెందుకు ఇస్తామమ్మా? యా డబ్బు?"

అతను చీటీ తీసుకుని పాత చెక్కు పుస్తకాలు తిరగేశాడు. ఒకచోట వేలు ఆగింది. ముఖంలో నవ్వు పోయింది. లేచి తలుపు మూశాడు.

"తన కొడుకు ఈడ దగ్గి దగ్గి సచ్చిపోయినాడని యాడా నోరెత్తొద్దని మేము హనుమక్క చేతిలో పెట్టిన చెక్కు, మీ కాలేజీకి ఎట్ల చేరింది?"